ఉప్పునీళ్ళ నామాలోడు

మా ఇంట్లో చేప చనిపోయి ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు. మనిషి పోతే పేపర్లో ఫొటో వేయిస్తారు. పదకొండో నాడు నలుగురూ చేరి, పోయినవారు ఏం ఇష్టంగా తినేవారో, ఎలా నవ్వేవారో చెప్పుకుంటారు. చేప పోతే అలా చెప్పుకునే వీలు లేదు. పదో తరగతి తర్వాత నేను కలం పట్టింది రామకోటి రాయడానికీ, సరుకుల చీటీ రాయడానికీ తప్ప మరి దేనికీ కాదు. ఇప్పుడు పట్టుకున్నానంటే, వాడి గురించి నాలుగు మంచి మాటలు ఎక్కడో ఒకచోట ఉండాలని. ఇంకొక కారణం కూడా ఉంది. అది నోటితో చెప్పలేనిది. రాస్తూ రాస్తూ దాని దగ్గరికి వస్తాను.

ఆ రోజు ఆదివారం. పూజ ముగించి గంట మోగించాను. గంట వినగానే తొట్టి కుడి మూలకు వచ్చి, అద్దానికి మూతి ఆనించి నిలబడటం వాడి అలవాటు. హారతి పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాను. మూలన వాడు లేడు. అడుగున, వాడు దూరి పడుకునే పగిలిన ముంత ముక్క పక్కన, ఒక వైపుకు ఒరిగి ఉన్నాడు. నారింజ రంగు తగ్గలేదు. తెల్ల చారలు చెదరలేదు. మోటారు నీళ్ళను కదిలిస్తుంటే తోక కూడా కొద్దిగా కదులుతోంది. అందుకని చాలాసేపు నేను నమ్మలేదు.

"ఏంది అమ్మాయ్, అట్ట నిలబడిపోయినావు?" అని మంచం మీద నుంచి అత్త అడిగింది.

ఆమె మంచానికీ ఆ తొట్టికీ మధ్య జానెడు సందు. నేను చెప్పేలోపే తల తిప్పి చూసింది. చూసి, "లేపు వాడిని" అంది. పొద్దెక్కేదాకా పడుకున్న పిల్లవాడిని లేపమన్నట్టే అంది.

మా ఆయన ఎలక్ట్రీషియన్. టెస్టరు పెట్టి చూశాడు, నీళ్ళలోకి కరెంటు రావడం లేదు. మోటారు విప్పి చూశాడు, బాగానే ఉంది. నీళ్ళ వేడి ఎప్పుడూ ఉండే గీత మీదే ఉంది. ఎండాకాలం నిప్పులు చెరిగిన రోజుల్లో బతికినవాడు, మార్గశిరం చలిగాలికి హాయిగా ఉండాల్సినవాడు. ఆ తొట్టి మాకిచ్చిన డాక్టరుగారికి ఫోన్ చేశాం.

"కొత్తగా ఏమైనా వేశారా అమ్మా నీళ్ళల్లో?"

"లేదు సార్."

"దోమల మందు కొట్టారా? సాంబ్రాణి పొగ?"

"శుక్రవారం వేశాను. పెరట్లోనే సార్, ఎప్పుడూ వేసేదే."

"నీళ్ళు?"

"ప్లాంటు క్యాను నీళ్ళే. మీరు చెప్పిన గీత దాకే."

"నిన్న తిన్నాడా?"

"తిన్నాడు సార్."

"ఒక్కోసారి ఇంతేనమ్మా, కారణం దొరకదు. మీరేం తప్పు చేయలేదు" అన్నారు.

మంచి మనిషి, మంచి మాటే అన్నారు. ఆ మాట మాత్రం నా మీద మూత పెట్టినట్టయింది. ఫలానా తప్పు చేశానని తెలిస్తే దేవుడి ముందు చెంపలు వేసుకునేదాన్ని. తప్పు లేదన్నాక ఎక్కడికి పోవాలి?

ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. "నీళ్ళల్లో ఇడవండిరా" అంది అత్త. "ఏ నీళ్ళల్లో ఇడుస్తామమ్మా, ఉప్పునీళ్ళు మనకాడ యాడుండాయి?" అన్నాడు మా ఆయన. అరిటాకులో చుట్టి, తులసి దళం పెట్టి, తొట్టికి వాడే ఉప్పు ఒక గుప్పెడు తోడు వేసి, పెరట్లో కరివేపాకు చెట్టు కింద మట్టి కప్పాడు. కప్పాక చేతులు కడుక్కోకుండా చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

డాక్టరుగారు ఆత్మకూరులో పళ్ళ ఆసుపత్రి నడిపేవారు. దానికి వైరింగు చేసింది మా ఆయనే. పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు భయపడకుండా ఉంటారని ముందుగదిలో ఆ అద్దాల తొట్టి పెట్టుకున్నారు. ఆయన భార్యకు దూరపు ఊరికి బదిలీ అయింది. అక్కడ మేడ మీద అద్దె ఇల్లు, అంత బరువు పెట్టనివ్వమని ఇంటివాళ్ళు అన్నారట. "అన్నా, దీని మోటార్ల సంగతి నీకే తెలుసు. నువ్వే తీసుకుపో" అని మా ఆయన్ను బతిమాలారు. రెండు చేపలుండేవి, ఒకటి ఆసుపత్రిలోనే పోయింది, ఇది ఒంటరిగా మిగిలింది.

తొట్టి తెచ్చుకునే రోజు ఎదురింటి వదినను అత్త దగ్గర కూర్చోబెట్టి నేను కూడా ఆత్మకూరు వెళ్ళాను. ట్రాలీ ఆటోలో వెనక తొట్టి, డ్రమ్ముల్లో దాని నీళ్ళు. డ్రైవరు పక్కన నేను, నా ఒడిలో ప్లాస్టిక్ సంచిలో వాడు. గతుకు వచ్చినప్పుడల్లా వాడు ఈదుకుంటూ నా వేళ్ళున్న చోటికి వచ్చి ఆనుకునేవాడు. ముందుకు పోలేడు, వెనక్కి పోలేడు, అయినా వచ్చేవాడు. నేను మా ఊరు ఉదయగిరి దాటి వెళ్ళింది అదే ఆఖరు.

అప్పటికి ఆరు నెలల ముందు అత్త స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసినా మళ్ళీ నడవలేదు. తిప్పి పడుకోబెట్టాలి, తుడవాలి, తినిపించాలి. గంటకు మించి వదిలి వెళ్ళడానికి లేదు. ఇన్వర్టరు లైను ఉన్నది ముందుగదికే కాబట్టి ఆమె మంచం పక్కనే తొట్టి పెట్టాల్సి వచ్చింది.

"తోడుకు మనిషిని తెస్తావనుకుంటే చేపను తెచ్చినావేందిరా? పులుసుకు కూడా చాలదే ఇది" అంది కొడుకుతో.

సాయంత్రం దీపం పెట్టి వచ్చేసరికి మాత్రం పక్కకు తిరిగి దాన్నే చూస్తోంది. "అమ్మాయ్, ఇట్టా రా. జూడు, మూడు నామాలు పెట్టుకోనుండాడు" అంది. నిజమే. తల వెనక ఒకటి, నడుం మీద ఒకటి, తోక దగ్గర ఒకటి, తెల్లగా, నిలువుగా. ఆ రోజు నుంచి వాడు మా ఇంటి నామాలోడు.

వాడికి ఏం కావాలో డాక్టరుగారు నాకు ఒక కాగితం మీద రాసిచ్చారు. ఇనుము తగలకూడదు. సబ్బు చెయ్యి పెట్టకూడదు. వంటింటి కల్లుప్పు పనికిరాదు, దాని ఉప్పు వేరే. నీళ్ళు ఆవిరైతే మంచినీళ్ళే పోయాలి గాని ఉప్పునీళ్ళు పోయకూడదు. ఉప్పు కలపడానికి మా ఊళ్ళో చెక్కే కర్ర గరిటె ఒకటి కొత్తది తెచ్చుకున్నాను. "ఉప్పులో గూడా తేడాలుండాయా? మా కాలాన ఒకటే ఉప్పు, ఒకటే ఊరగాయ" అని అత్త దెప్పేది. అలాగని నేను స్నానం చేయకుండా తొట్టి దగ్గరికి వస్తే ఊరుకునేది కాదు.

పూజ అయ్యాక గంట మోగించి, ప్రసాదం అత్తకు పెట్టి, వాడికి నాలుగు గింజల మేత వేసేదాన్ని. పది రోజుల్లో వాడికి గంట తెలిసిపోయింది. "వాడికి భక్తి" అంది అత్త. "భక్తి లేదు, ఆకలి" అని మా ఆయన నవ్వాడు. "ఆకలైతే ఏంది? గంటకు వచ్చినాడా లేదా? నువ్వు ఆకలైనా రావు గదరా" అంది. శనివారం నేను ఒక్క పూట తింటాను. వాడికి కూడా శనివారం సగమే వేయమనేది. ఆ గింజలు చేపల పొడితోనే చేస్తారని మా ఆయన ఎక్కడ ఆమెతో అంటాడోనని నేను కళ్ళతో బతిమాలుకునేదాన్ని.

పడమటి కిటికీ సంగతి కూడా రాయాలి. ఆ కిటికీ తీస్తే దుర్గం కొండ కనిపిస్తుంది. మంచాన పడ్డాక అత్తకు అదే ప్రపంచం. మధ్యాహ్నం ఎండ తొట్టి మీద పడితే నీళ్ళు వేడెక్కుతాయి, పాచి పడుతుంది, కిటికీ మూసి ఉంచాలని డాక్టరుగారు చెప్పారు. ఆమెతో ఎలా చెప్పాలా అని నేను నాన్చుతుంటే, "కొండ యాడికీ పోదులే, మూసెయ్" అని ఆమే అంది. అప్పటి నుంచి ఆ రెక్కలు మూసే ఉన్నాయి. తొట్టి దీపం వెలుగులో ఆ గదిలో మేం ముగ్గురం. ఒకరు మంచంలో, ఒకరు నీళ్ళలో. నేను నడవగలిగినదాన్నే, అయినా తిరిగేది ఆ మంచం చుట్టూనే.

కోడలిగా ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నా అత్తకూ నాకూ పని మాటలే. అన్నం వండినావా, ఆవుకు కుడితి పెట్టినావా. ఆమెది పెద్ద గొంతు, నాది పక్కవారికి కూడా వినపడని గొంతు. మేం మాట్లాడుకోవడం మొదలైంది వాడి వల్లే. కిందటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, ఇన్వర్టరు కూడా అయిపోయింది. మా ఆయన కలువాయి వైపు పనికి వెళ్ళాడు. మోటారు ఆగితే నీళ్ళల్లో గాలి ఉండదు. నేను ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు ముంచి పైనుంచి పోయడం మొదలుపెట్టాను. అత్త విసనకర్ర అడిగి తీసుకుంది. ఒక చేత్తో మంచం పట్టె పట్టుకుని, రెండో చేత్తో తొట్టి మీద విసిరింది. ఆమెకు నేను విసరాలి, ఆమె చేపకు విసురుతోంది.

"మా పుట్టినూరు సంగంలో పెన్న నిండుగా పారేది అమ్మాయ్" అంది ఉన్నట్టుండి. "కాళ్ళ మధ్య చేపపిల్లలు తిరుగుతా చక్కిలిగింతలు పెట్టేవి. పదహారేళ్ళకు నన్ను నీళ్ళల్లోంచి తీసి ఈ కొండ కింద పడేసినారు. ఏడాది దాకా ఈడి నీళ్ళు గొంతు దిగలా."

"సముద్రం చూశారా అత్తా?"

"యాడ చూస్తా? వీడు చూసినాడా?"

"లేదంట. అద్దాల తొట్టిలోనే పుట్టాడంట."

"అయితే ఇద్దరం సరిపోయినాం" అని నవ్వింది. కరెంటు వచ్చేదాకా రెండు గంటలు, నేను పోస్తూ, ఆమె విసురుతూ. చీర తడిసిపోయింది. ఆమె నవ్వు అంత దగ్గరగా విన్నది నేను అదే మొదలు. ఆ మధ్యాహ్నం ఇచ్చినందుకు వాడికి రుణపడి ఉన్నాను.

వాడికి నేను చెప్పుకున్నవి కూడా చాలా ఉన్నాయి. అత్త కునుకు తీస్తున్నప్పుడు తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేదాన్ని. నా గొంతు అద్దం దాటదు. వాడు మాత్రం ఎదురుగా నిలబడి, నోరు తెరుస్తూ మూస్తూ, విన్నట్టే ఉండేవాడు. నడుం నొప్పి చెప్పేదాన్ని. పెంచలకోన మొక్కు తీరక రెండేళ్ళయిందని చెప్పేదాన్ని. ఎవరితోనూ అనకూడనివి వాడితో అనేదాన్ని.

ఇక చెప్పాల్సిన మాట దగ్గరికి వచ్చాను.

వాడు పోయిన ముందు రోజు శనివారం. మా భజన బృందం వాళ్ళు వ్యాను మాట్లాడుకుని కోనకు బయలుదేరారు. వ్యాను మా ఇంటి ముందు ఆపి హారను కొట్టారు.

"వదినా, ఎక్కు. మీ అత్తను ఒక్క పూట అన్న చూసుకోడా?" అని ఎదురింటి వదిన వ్యాను కిటికీలోంచి అరిచింది.

మా ఆయన మంచివాడే, కానీ అత్తను తుడిచి బట్ట మార్చడం కొడుకు చేతుల మీద జరగడానికి ఆమె ఒప్పుకోదు. కొబ్బరికాయ ఒకటి వదిన చేతికిచ్చి, నా పేరు మీద కొట్టమన్నాను. గడపలో నిలబడి చెయ్యి ఊపాను. వ్యాను వీధి మలుపు తిరిగింది. వాళ్ళు మొదలుపెట్టిన గోవింద నామం కాసేపు వినపడి ఆగిపోయింది.

లోపలికి వచ్చి తొట్టి ముందు కూర్చున్నాను. వాడు మూలకు వచ్చాడు. వాడిని చూస్తూనే, స్వామితో అన్నాను: "ఈ గదిలోంచి నన్ను విడిపించు స్వామీ. ఎలా విడిపిస్తావో నాకు తెలియదు."

తెలియదు అన్నాను గాని తెలుసు. ఆ గదిలోంచి నేను బయటపడే దారి ఒక్కటే. అది ఎవరు పోతే తెరుచుకుంటుందో నా మనసుకు తెలుసు. తెలిసే అడిగాను. నా వెనక మంచం మీద ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

మర్నాడు పొద్దున గంటకు వాడు రాలేదు.

కోన నుంచి ప్రసాదం తెచ్చిన వదిన సంగతి విని నా పక్కన కూర్చుంది. "బాధపడబాక వదినా. మీ ఇంటికి రావాల్సిన గండం ఏదో వాడి మీద పోయింది. మూగజీవాలు అట్నే, ఇంటోళ్ళకు రావాల్సింది అవి తీసుకుంటాయి. మంచికే అనుకో" అంది.

మా వైపు ఎవరింట్లో కుక్క పోయినా, గొడ్డు పోయినా ఓదార్పుకు అనే మాట ఇది. నేను కూడా ఎంతోమందితో అన్నాను. నాతో ఎవరైనా అంటే ఇలా ఉంటుందని తెలియదు. పంపించింది నేనే అయినప్పుడు ఆ మాట ఎలా మింగాలి?

మంచం మీద నుంచి అత్త గొంతు వచ్చింది. "ఎవురికి రావాల్సిన గండమే?"

"ఎవురికైతే ఏందిలే పెద్దమ్మా, పోయింది గదా."

"ఉండేది ముగ్గురం. చిన్నోళ్ళకెందుకు వస్తాది? నాదే అది" అంది. గోడ వైపు మొహం తిప్పుకుంది. ఆ తర్వాత తొట్టి వైపు తిరగలేదు. అటు తిప్పి పడుకోబెట్టబోయినా, "వద్దు, ఇట్నే ఉండనీ" అనేది.

వారం పోయాక ఒక సాయంత్రం తల దువ్వుతున్నాను. ఆమె జుట్టు ఇప్పుడు నా పిడికిట్లో పావు వంతు కూడా లేదు. గోడతో చెప్పినట్టు చెప్పింది.

"నేనే అడిగినా అమ్మాయ్."

"ఏం అడిగారు అత్తా?"

"వ్యాను వచ్చిన నాడు. నువ్వు గడపలో నిలబడి చెయ్యి ఊపతా ఉండావు. కళ్ళు మూసుకోనుండాను గాని చూస్తానే ఉండా. అప్పుడు సామిని అడిగినా, ఈ పిల్లను నా కాడి నుంచి విడిపించు, నన్ను తీసకపో అని. ఆయన ముసలోడైపోయినట్టుండాడు, పక్కనుండేవాడిని తీసకపోయినాడు. వాడు నీళ్ళు దాటి వచ్చిన బిడ్డ. నా నోటి వల్ల పోయినాడు."

ఒకే పూట, ఒకే గదిలో, ఇద్దరం ఒకే దేవుడిని ఒకటే అడిగాం. ఆమె నా కోసం అడిగింది. నేను కూడా నా కోసమే అడిగాను.

"కాదు అత్తా, మీ వల్ల కాదు, నా వల్ల" అంటే ఆమె మీద ఉన్న బరువు అప్పుడే దిగిపోయేది. కానీ నువ్వేం అడిగావని అడుగుతుంది. అప్పుడు చెప్పాలి. ఆమె గోడ వైపు తిరిగి, తనే చేపను చంపానని ఏడవడం ఒక బాధ. తన కోడలు తన చావు కోరిందని తెలిసి, రేపటి నుంచి నా చేతి ముద్దే తినాల్సి రావడం ఇంకో బాధ. ఏది తక్కువో నాకు తెలియలేదు. రెండు వారాలుగా రెండింటి మధ్యా తిరుగుతున్నాను. దారి మాత్రం దొరకలేదు.

"అలా ఏం కాదు అత్తా. డాక్టరుగారు చెప్పారుగా, కారణం లేదని" అన్నాను. జడ అల్లాను.

మొన్న మా ఆయన తొట్టి ఖాళీ చేస్తానన్నాడు. "మోటారు ఆపబాకరా, ఆ గుడగుడ లేకపోతే నాకు తోచదు" అంది అత్త, గోడ వైపు నుంచే. సరేనని ఊరుకున్నాడు. పొద్దునే నేను ఇప్పటికీ గీత దాకా మంచినీళ్ళు పోస్తున్నాను. గంట మోగించాక మూల వైపు చూడకుండా ఉండటం ఇంకా చేతకావడం లేదు.

నిన్న మధ్యాహ్నం గదిలో చెమ్మ వాసన ఎక్కువైందని, ఇక మూసి ఉంచే పని కూడా లేదు కదా అని, నేనే పడమటి కిటికీ గడియ తీశాను. బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. రెక్కలు తెరుచుకోగానే ఎండ మంచం మీదా, తొట్టి మీదా, నీళ్ళ అడుగున ముంత ముక్క మీదా పడింది. దూరంగా కొండ. ఆ కిటికీలోంచి ఏడాదిన్నర తర్వాత చూస్తున్నాను. అలాగే ఉంది.

వెలుగు తగిలి అత్త మెల్లగా ఇటు తిరిగింది. తనంతట తాను ఇటు తిరగడం ఇన్ని రోజుల్లో అదే మొదలు. కొండను చూసింది. కళ్ళు చికిలించి తొట్టిని చూసింది. చెయ్యి ఎత్తింది.

"మూసెయ్ అమ్మాయ్. వాడికి ఎండ తగులుతాది."

నేను ఆమె మొహంలోకి చూశాను. ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో వాడు బతికే ఉన్నాడు. ఆమె తప్పూ లేదు, నా తప్పూ లేదు. మూసేశాను. గడియ కూడా వేశాను.

ఈ కాగితాలు వాడి ఉప్పు మిగిలిన నీలం డబ్బాలో, ఉప్పు మీద పెట్టి మూత వేస్తున్నాను. ఆ డబ్బాతో ఇక ఎవరికీ పని లేదు. ఎప్పుడైనా ఎవరైనా తెరిస్తే, దయచేసి చించకండి, దాచండి. అత్తకు చదువు రాదు గాని, మా ఆయనకు ఏ కాగితం దొరికినా ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించే అలవాటు ఉంది. ఆయనకు మాత్రం చూపించకండి. పక్క గదిలో మోటారు గుడగుడమంటోంది. ఆమె మళ్ళీ తొట్టి వైపే తిరిగి పడుకుంది.